ఏటీఎఫ్, ఫిల్టర్ మార్చాక గేర్‌బాక్స్ మొరాయిస్తోందా? దించే ముందు లెవెల్ చూడండి

మీరు అడిగింది ఇదీ: ఇన్నోవా క్రిస్టా 2.8 ఆటోమేటిక్, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. బయట షెడ్డులో గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్), ఫిల్టర్ మార్పించారు. అంతకు ముందు ఏ ఇబ్బందీ లేదు. మర్నాటి నుంచి పొద్దున్నే డి లో వేస్తే రెండు మూడు సెకన్లు ఆలోచించి గానీ బండి కదలడం లేదు. రెండో గేరు నుంచి మూడో గేరుకి వెళ్లేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేచి పడుతోంది. 70 స్పీడు దగ్గర సన్నగా వణుకు. షెడ్డువాళ్లేమో "పాత బండికి కొత్త ఆయిల్ పడలేదు, గేర్‌బాక్స్ దించి చూడాలి" అంటున్నారు. నిజమేనా, దించమనాలా అని మీ సందేహం.

దించనివ్వకండి. ముందు ఆయిల్ లెవెల్ సరైన పద్ధతిలో మళ్లీ చూపించండి. మీరు చెప్పిన లక్షణాలకు అన్నిటికన్నా ఎక్కువ అవకాశం ఉన్నది ఆయిల్ తక్కువ పడటం. తర్వాత ఫిల్టర్ ఓరింగ్ (రబ్బరు రింగు) సరిగ్గా కూర్చోకపోవడం, ఆ తర్వాత వేరే రకం ఆయిల్ పోయడం. మొదటి రెండూ ఒక పూట పని. నిన్నటిదాకా బాగా నడిచి, పని చేయించిన మర్నాడే మొదలైన ఇబ్బందికి కారణాన్ని ఆ పనిలోనే వెతకాలి. మామూలుగా క్లచ్ ప్లేట్లు అరగడానికి నెలలు పడుతుంది, ఒక్క రాత్రిలో అరగవు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా కాలంగా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల పనే చేస్తున్నాను. "సర్వీసు చేయించాక పాడైంది" అంటూ వచ్చే బండ్లలో ఎక్కువ భాగం గేర్‌బాక్స్ విప్పకుండానే బాగుపడి వెళ్తాయి. కాబట్టి ముందు టెన్షన్ తగ్గించుకోండి. అయితే లెవెల్ చూపించేదాకా బండిని హైవే మీదకు తీసుకెళ్లకండి. ఆయిల్ తక్కువగా ఉన్న గేర్‌బాక్స్‌ను అలాగే నడిపితే, ఇప్పుడు లేని అరుగుదల కొన్ని రోజుల్లో నిజంగానే వస్తుంది. అప్పుడు షెడ్డువాళ్ల మాటే నిజమై కూర్చుంటుంది.

లెవెల్ ఎందుకు తప్పుతుంది?

క్రిస్టా గేర్‌బాక్స్‌కు ఇంజన్‌కు ఉన్నట్టు డిప్‌స్టిక్ ఉండదు. పక్కన పోసే ప్లగ్గు, కింద ఛాంబర్‌కు (ఆయిల్ నిలిచే తొట్టికి) ఓవర్‌ఫ్లో ప్లగ్గు ఉంటాయి. ఇంజన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు ఓవర్‌ఫ్లో ప్లగ్గు తీస్తే ఆయిల్ సన్నటి ధారగా వచ్చి చుక్కలుగా మారాలి. అదే సరైన లెవెల్. ఈ రకం గేర్‌బాక్సులకు ఆ ఉష్ణోగ్రత సుమారు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది. మోడల్‌ను బట్టి కాస్త అటూ ఇటూ మారుతుంది కాబట్టి మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం చేసుకోండి.

ఇక్కడ తప్పు రెండు రకాలుగా జరుగుతుంది.

మొదటిది, ఇంజన్ ఆపేసి చూడటం. ఇంజన్ తిరుగుతున్నప్పుడు పంపు ఆయిల్‌ను లాగి ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోకి, క్లచ్‌లకు ఆయిల్ పంచే వాల్వ్ బాడీలోకి, కూలర్ పైపుల్లోకి పంపుతుంది. ఆపగానే అందులో కొంత వెనక్కి దిగి ఛాంబర్‌లో చేరుతుంది. అప్పుడు ప్లగ్గు తీస్తే ఆయిల్ బాగానే కారుతుంది. "ఫుల్‌గా ఉంది సార్" అని బిగించేస్తారు. స్టార్ట్ చేశాక లోపల నిజంగా ఉండేది తక్కువ.

రెండోది, బండి వేడిగా ఉన్నప్పుడు చూడటం. మన దగ్గర ఇది మరీ ఎక్కువ. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది. 10 లీటర్ల ఆయిల్ 40 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు చేరితే దాదాపు 300 మిల్లీలీటర్లు పెరుగుతుంది. 80 దగ్గర లెవెల్ చూసి, కారినంతా కారనిచ్చి ప్లగ్గు బిగిస్తే, చల్లారాక ఆ మేరకు తక్కువ ఉన్నట్టే. మర్నాడు పొద్దున్న చల్లటి ఆయిల్ లెవెల్ ఫిల్టర్ మూతి దగ్గరకు దిగిపోతుంది, పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తుంది. గాలి కలిస్తే ప్రెషర్ రావడానికి ఆలస్యమవుతుంది. మీరు చెప్పిన ఆ రెండు మూడు సెకన్ల ఆలస్యం అదే.

మే నెలలో ఎండ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం విజయవాడలో నీడలోనే 43, 44 డిగ్రీలు. అప్పుడు ఆయిల్ 45 లోపు ఎక్కడుంటుంది? వేసవిలో వచ్చే బండ్లను నేను రాత్రి షెడ్డులోనే పెట్టించుకుని పొద్దున్నే చూస్తాను. "అరగంటలో ఇచ్చేయండి" అనే కస్టమర్లకు ఇది నచ్చదు. అయినా ఇందులో తొందర పనికిరాదు.

మీకు దగ్గరైన కేసు ఒకటి చెబుతాను. మీలాగే ఇన్నోవా క్రిస్టా, మీలాగే ఫిల్టర్ మార్చిన మర్నాడు మొదలైన ఇబ్బంది. ఊళ్లో బాగానే నడిచేదట, శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మలుపు మలుపుకీ గేరు వదిలేసినట్టు ఇంజన్ అరిచేదట. మలుపుల్లో, ఎక్కుడులో ఆయిల్ ఛాంబర్‌లో ఒక పక్కకు, వెనక్కు జరుగుతుంది. లెవెల్ సరిపడా ఉంటే ఫిల్టర్ మూతి మునిగే ఉంటుంది, తక్కువుంటే బయటపడుతుంది. ఆ బండికి పొద్దున్నే లెవెల్ చూస్తే ఓవర్‌ఫ్లో నుంచి ఒక్క చుక్క రాలేదు. ముప్పావు లీటరు దాకా పోశాక ధార మొదలైంది. అంతకు మించి దానికి ఏ పనీ చేయలేదు. అప్పటికే వేరే చోట ఆ బండికి ఓవర్‌హాల్ ఎస్టిమేట్ లక్షల్లో రాసిచ్చారు.

లెవెల్ చూపించేటప్పుడు మీరు దగ్గరుండి గమనించాల్సినవి

బండి నాలుగు చక్రాలూ సమంగా ఉండాలి. ముందు చక్రాలు మాత్రమే జాకీ మీద లేపి చూస్తే ఆ లెవెల్ లెక్కలోకి రాదు. నాలుగు వైపులా సమంగా లేపే లిఫ్ట్ గానీ, కిందకు దిగి చూసే గుంత గానీ కావాలి. ముందు పోసే ప్లగ్గు వదులవుతుందో లేదో చూశాకే కింద ప్లగ్గు ముట్టుకోవాలి. పై ప్లగ్గు బిగుసుకుపోయి రాకపోతే, కింద ఖాళీ చేసిన బండికి ఆయిల్ పోసే దారి ఉండదు.

ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ నొక్కి ఉంచి, పి నుంచి ఆర్, ఎన్, డి, మళ్లీ వెనక్కి, ఒక్కో చోట కొన్ని సెకన్లు ఆపుతూ తిప్పాలి. అప్పుడు దారులన్నీ ఆయిల్‌తో నిండుతాయి. తర్వాత పి లో పెట్టి ఇంజన్ ఆపకుండా చూడాలి. ఏసీ ఆపేయండి. ఉష్ణోగ్రతను బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌లో చూడాలి, మామూలు ఓబీడీ స్కానర్లలో చాలావాటికి గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత కనిపించదు, గేర్‌బాక్స్ డేటా చదవగలిగేదే కావాలి. చెయ్యి పెట్టి "గోరువెచ్చగా ఉంది" అనడం చాలదు. స్కానర్ లేకపోతే ఛాంబర్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి చూడొచ్చు గానీ, అది లోపలి ఆయిల్ కన్నా తక్కువ చూపించే అవకాశం ఉంది, గుర్తుంచుకోండి.

కొన్ని టయోటా మోడళ్లలో కింద రంధ్రం లోపల ఒక చిన్న గొట్టం ఉంటుంది. దాని ఎత్తే లెవెల్‌ను నిర్ణయిస్తుంది. ఆయిల్ దించడానికి దాన్ని విప్పి, తిరిగి పెట్టడం మర్చిపోయిన బండ్లు చూశాను. అప్పుడు లెవెల్ చూడటమంటే ఆయిల్ మళ్లీ దించేయడమే.

ఎక్కువ పోస్తే మంచిదేగా అని కొందరు అర లీటరు అదనంగా పోస్తారు. మంచిది కాదు. తిరిగే భాగాలు ఆయిల్‌లో మునిగి, కవ్వంతో చిలికినట్టు నురగ తెస్తాయి. నురగలో ఉండేది గాలే, ప్రెషర్ మళ్లీ పడిపోతుంది. గుర్తుపట్టడానికి ఒక ఆధారం చెబుతాను: పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టి, వేడెక్కాక తగ్గితే ఆయిల్ తక్కువని అనుమానించండి. పొద్దున్న బాగుండి, హైవే మీద గంట నడిచాక మొదలైతే, పైన బ్రీదర్ (గాలి వదిలే గొట్టం) దగ్గర ఆయిల్ చిమ్మినట్టు తడి కనిపిస్తే, ఎక్కువని అనుమానించండి. అన్ని బండ్లకూ ఇది కచ్చితంగా వర్తించదు, బాగా తక్కువైతే చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఇబ్బందే. అయినా మొదటి ఊహకు ఇది పనికొస్తుంది.

లెవెల్ సరిగ్గానే ఉంటే, ఫిల్టర్ దగ్గరికి వెళ్లండి

చాలా గేర్‌బాక్సుల్లో ఫిల్టర్ మెడకు ఓరింగో సీలో ఉంటుంది. పాత ఫిల్టర్ లాగినప్పుడు ఆ ఓరింగ్ ఒక్కోసారి రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్త ఓరింగ్‌తో కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రెండూ నలిగి, ఫిల్టర్ పూర్తిగా కూర్చోదు. పంపు అక్కడి నుంచి గాలి పీలుస్తుంది. అప్పుడు లెవెల్ ఎంత సరిగ్గా ఉన్నా ఆలస్యం పోదు. ఇంజన్ స్పీడుతో పాటు పెరిగే సన్నటి కూత కూడా చాలాసార్లు వినిపిస్తుంది. కొత్త ఓరింగ్‌ను ఏటీఎఫ్‌తో తడపకుండా పొడిగా నొక్కి ఎక్కించినా మెలి తిరిగి తెగుతుంది. బయట దొరికే చవక ఫిల్టర్లలో మెడ కొలత కాస్త తేడా ఉన్నవీ చూశాను. ఫిల్టర్ విషయంలో రెండు మూడు వందలు మిగుల్చుకోవడం నాకు నచ్చదు.

మళ్లీ ఛాంబర్ విప్పినప్పుడు చూసుకోవాల్సినవి ఇంకొన్ని. అయస్కాంతాలు వాటి స్థానంలో ఉన్నాయా? ప్యాకింగ్ పాతదే వాడారా? ఛాంబర్ బోల్టులు చిన్నవి, వాటికి కావాల్సిన టార్క్ చాలా తక్కువ. బలంగా బిగిస్తే ఛాంబర్ అంచు వంగి ప్యాకింగ్ దగ్గర లీకవుతుంది. ఆ లీకు వల్ల కూడా నెల తిరిగేసరికి లెవెల్ తగ్గుతుంది. కాబట్టి బండి ఆపే చోట రాత్రి ఒక అట్టముక్క పరిచి పొద్దున్న చూడండి. కొన్ని గేర్‌బాక్సుల్లో ఫిల్టర్ పక్కనే సోలెనాయిడ్ల (ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వుల) వైర్లు, ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటాయి. కనెక్టర్ సగం ఊడితే గేరు గట్టిగా కొట్టుకుంటూ పడుతుంది, డాష్‌బోర్డు మీద లైటు కూడా వెలగొచ్చు.

అయస్కాంతం మీద పేరుకున్నది కూడా చూడమనండి, ఫోటో తీసుకోండి. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా ఉండే బూడిదరంగు ముద్ద మామూలే, లక్ష తిరిగిన బండిలో లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. చేతికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు, పసుపురంగు ఇత్తడి రేకులు, ఛాంబర్ అడుగున నల్లటి మడ్డి కనిపిస్తే మాత్రం గేర్‌బాక్స్ విప్పే మాట అప్పుడు ఆలోచించాలి. ఆయిల్ పాలు కలిసినట్టు చిక్కటి గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ కూలర్ నుంచి కూలెంట్ కలుస్తోందని అర్థం. ఆ బండిని అక్కడే ఆపేయాలి.

ఏ ఆయిల్ పోశారు? బిల్లు చూడండి

మీ బండికి కావాల్సింది టయోటా ఏటీఎఫ్ డబ్ల్యూఎస్, లేదా ఆ స్పెసిఫికేషన్‌కు సరిపోతుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నది. డబ్ల్యూఎస్ పల్చటి ఆయిల్. పాత బండ్ల డెక్స్‌రాన్ 3 రకం దానికన్నా చిక్కన. రంగు రెండిటికీ ఎరుపే, కాబట్టి చూసి చెప్పలేరు. చిక్కదనం ఒక్కటే తేడా అయితే సరిపెట్టుకోవచ్చు గానీ, క్లచ్ ప్లేట్లు ఎంత పట్టుతో, ఎంత మెత్తగా పట్టుకోవాలో తేల్చే రసాయనాలు కూడా వేరు. ఆ తేడా ముందు టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను నేరుగా కలిపే క్లచ్) దగ్గర బయటపడుతుంది. మీ 70 స్పీడు వణుకు అదే కావచ్చు.

లెవెల్ సరి చేయించాక అది మీరే పరీక్షించుకోవచ్చు. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద, వెనక ఏ బండీ రానప్పుడు, వణుకు వచ్చే స్పీడులో యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను స్టాప్ లైటు వెలిగేంత మాత్రమే తాకండి. స్విచ్ పడగానే లాకప్ విడిపోతుంది. ఆ క్షణంలో వణుకు ఆగి, కాలు తీయగానే మళ్లీ వస్తే అది లాకప్ వణుకే. ఆగకపోతే టైర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు, ఇంజన్ మౌంటింగులు కూడా చూడాలి.

వేరే ఆయిల్ పోశారని తేలితే ఒక్కసారి దించి పోస్తే సరిపోదు. ఛాంబర్ నుంచి దిగేది మొత్తంలో కొంతే, మిగతాది కన్వర్టర్‌లో, పైపుల్లో ఉంటుంది. 10 లీటర్లు పట్టేచోట ప్రతిసారీ 4 లీటర్లు దిగిందనుకుంటే, మొదటిసారికి 40 శాతం, రెండోసారికి 64, మూడోసారికి 78 శాతం కొత్త ఆయిల్ అవుతుంది. మధ్యలో కొన్ని కిలోమీటర్లు మెల్లగా తిప్పి మళ్లీ దించాలి. ఖర్చే, కానీ కన్వర్టర్ మార్చడం కన్నా చాలా తక్కువ.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. "ఆటోమేటిక్" అని అందరూ ఒకే పేరుతో పిలిచినా లోపల వేరు వేరు. సీవీటీలో బెల్టు ఉంటుంది, దాని ఆయిల్ వేరు. అందులో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీ మీద గీతలు పడతాయి. హోండా సిటీ సీవీటీ ఒకటి అలా వచ్చింది, దాన్ని కాపాడలేకపోయాం. డబ్బాల మీద హోండా పేరే ఉంది, మామూలు ఏటీఎఫ్ అయిన డీడబ్ల్యూ-1 పోశారు, కావాల్సింది సీవీటీ ఆయిల్ హెచ్‌సీఎఫ్-2. వ్యాగన్ఆర్, సెలెరియోలలో వచ్చే ఏఎంటీ అసలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్‌ను, గేర్లను యంత్రం మారుస్తుంది. అందులో జెర్క్ వస్తే ఏటీఎఫ్ కథలేవీ వర్తించవు.

"కంప్యూటర్ రీసెట్ చేస్తే పోతుంది" అంటే

గేర్‌బాక్స్ కంప్యూటర్ క్లచ్‌ల అరుగుదలను బట్టి ప్రెషర్‌ను, సమయాన్ని మెల్లమెల్లగా సర్దుకుంటూ వస్తుంది. ఆయిల్ మారాక ఆ పాత లెక్కతో కొన్ని రోజులు గేర్లు కాస్త గట్టిగా పడొచ్చు. అదంతా కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటుంది. కానీ మీరు చెప్పే ఆలస్యం, ఆర్‌పీఎం లేవడం ఆ కోవలోకి రావు. నా పద్ధతి ఏమిటంటే, లెవెల్, ఫిల్టర్, ఆయిల్ రకం మూడూ సరి అని తేలేదాకా రీసెట్ చేయను. గాలి పీలుస్తున్న గేర్‌బాక్స్‌ను రీసెట్ చేస్తే, తప్పు ప్రెషర్ మీద కొత్త లెక్క నేర్చుకుంటుంది. అరిగిన బండిని రీసెట్ చేస్తే ఇంకా అధ్వానంగా నడవొచ్చు, ఎందుకంటే అన్నాళ్లూ కంప్యూటర్ సర్ది నడిపించింది కాబట్టి.

రీసెట్‌కు ముందు కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు స్కానర్‌తో చదివి రాసుకోమనండి. చెరిపేశాక అవి దొరకవు. పి0741 ఉంటే లాకప్ సరిగ్గా పట్టడం లేదని. పి0730 ఉంటే కంప్యూటర్ అడిగిన గేరుకూ, తిరుగుతున్న లెక్కకూ పొంతన లేదని, అంటే ఎక్కడో జారుతోందని. పి0711 ఆయిల్ ఉష్ణోగ్రత సెన్సర్‌కు సంబంధించినది, ఛాంబర్ విప్పిన మర్నాడు ఇది వస్తే ముందు కనెక్టర్ చూడాలి.

ఇక "పాత బండికి కొత్త ఆయిల్ పడదు" అనే మాట. ఇందులో కొంచెం నిజం ఉంది. అప్పటికే జారుతున్న గేర్‌బాక్స్‌కు చివరి ఆశగా ఆయిల్ మారిస్తే అది బాగుపడదు, పోయిందన్న పేరు మాత్రం ఆయిల్ మీద పడుతుంది. మెషీన్ పెట్టి బలవంతంగా ఫ్లష్ చేస్తే ఏళ్లుగా పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలో ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది, అందుకే ఎక్కువ తిరిగిన బండికి నేను ఫ్లష్ చేయను, పాత ఆయిల్ దించి కొత్తది పోస్తాను. కానీ ఏ ఇబ్బందీ లేని బండి మర్నాడే ఆలస్యం మొదలుపెడితే ఈ మాట దానికి వర్తించదు. మీ షెడ్డువాళ్లను ఇవి అడగండి: ఎన్ని లీటర్లు దిగింది, ఎన్ని పోశారు, లెవెల్ ఏ ఉష్ణోగ్రతలో చూశారు? దిగినది కొలవలేదంటే, ఉష్ణోగ్రత చెప్పలేకపోతే, గేర్‌బాక్స్ దించే మాట వాళ్లు ఎత్తకూడదు.

లెవెల్ చూపించడానికి బండిని షెడ్డుకు తీసుకెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. దగ్గరైతే మెల్లగా, ఎక్కువ తొక్కకుండా నడుపుకుంటూ వెళ్లండి. దూరమైతే ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించండి. క్రిస్టాకు వెనక చక్రాలు తిరుగుతాయి, ముందు భాగం లేపి వెనక చక్రాల మీద ఈడ్చుకెళ్తే ఇంజన్ ఆగి ఉంటుంది కాబట్టి పంపు తిరగదు, గేర్‌బాక్స్ లోపల ఆయిల్ లేకుండా రాపిడి జరుగుతుంది.

లెవెల్ చూపించాక ఎంత పోస్తే ధార వచ్చిందో, డబ్బా మీద ఏ స్పెసిఫికేషన్ ఉందో, బ్రేక్ తాకితే వణుకు ఆగిందో లేదో ఇక్కడ రాయండి. ఆ మూడూ తెలిస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను.